ఆ నొప్పి బిళ్ల సంగతి చెప్పారా?

బీపీ బిళ్ల గురించి చెబుతాం. షుగరు బిళ్ల గురించి చెబుతాం. ఆపరేషన్ బల్ల మీద నెత్తురు ఆగడాన్ని ఆలస్యం చేయగల మాత్రను మాత్రం మందుల లెక్కలోనే వేసుకోం. కోనసీమలో ఇంటింటా కనిపించే ఆ మాత్ర గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

కొబ్బరి దింపు తీసే మనిషి పొద్దున్నే చెట్టెక్కడం మొదలుపెడితే ఎండ ముదిరేలోపు ఎన్ని చెట్లు ఎక్కి దిగితే అంత కూలి. ఒంటి బరువంతా అరికాళ్లు, మోకాళ్లు, భుజాలే మోయాలి. కింద ఒలుపు కార్మికుడు గునపానికి కాయ గుచ్చి మెలితిప్పుతూనే ఉంటాడు. రోజంతా అదే మణికట్టు, అదే నడుము. నాట్లకు వంగిన ఆడవాళ్లు సాయంత్రం గట్టెక్కి నిటారుగా నిలబడటానికే కాసేపు పడుతుంది. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి బస్తాలెత్తేవాళ్లను కదపండి, లంకల్లో అరటి గెలలు మోసేవాళ్లను కదపండి, చివరికి అందరి నోటా వచ్చేది ఒకటే మాట: "ఓ నొప్పి బిళ్ల వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి లేవగలమండి."

ఆ మాటను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పని ఆగితే కూలి ఆగిపోయే ఇంట్లో ఆ మాత్ర పెద్ద ఆసరా. చిక్కు ఎక్కడంటే, అది ఎంత అలవాటైపోయిందంటే మందు అన్న సంగతే మరిచిపోయాం. మామూలు రోజుల్లో ఆ మరుపు వల్ల పెద్ద నష్టం కనబడదు. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజు నుంచి మాత్రం లెక్క మారిపోతుంది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు రోగిని కూర్చోబెట్టి వివరాలు అడుగుతారు. ఆస్పత్రుల్లో దాన్ని పీఏసీ అంటారు. అమలాపురం ఏరియా ఆస్పత్రిలోనైనా, అక్కడి కిమ్స్‌లోనైనా, యానాం–ఎదుర్లంక వారధి దాటి వెళ్లే కాకినాడ జీజీహెచ్‌లోనైనా ఈ ఘట్టం తప్పదు. మోకాళ్ల నొప్పులున్న ఓ పెద్దావిడ వచ్చిందనుకోండి, మాటలు ఇంచుమించు ఇలా సాగుతాయి.

"మామ్మగారూ, రోజూ ఏమైనా మందులు వాడుతున్నారా?"

"బీపీకి పొద్దున్నే ఒకటి వేసుకుంటానండి."

"ఇంకేం లేవా?"

"ఆయ్, ఇంకేం లేవండి."

"మోకాళ్ల నొప్పులన్నారు కదా. వాటికేం వేసుకోరా?"

"అది మందెందుకవుద్ది బాబూ, నొప్పి బిళ్ల. మరీ ఓర్చుకోలేకపోతే వేసుకుంటాను."

"ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారు?"

"రాత్రేనండి. పొద్దున్నే బస్సులో అంతసేపు కూర్చోవాలి కదా అని."

నాలుగో ప్రశ్న అడిగే తీరిక డాక్టరుకు దొరికింది కాబట్టి విషయం బయటపడింది. దొరకని రోజులూ ఉంటాయి. వరండాలో ముప్పై మంది నిలబడి ఉన్నప్పుడు రెండో ప్రశ్న దగ్గరే కాగితం మీద 'మందులు: బీపీకి మాత్రమే' అని పడిపోతుంది.

స్ట్రిప్ వెనక రాసి ఉన్నది

ఇంట్లో బీరువా మీద మందుల డబ్బా దించి ఓసారి చూడండి. వెండి రేకు మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరుంటుంది. దాని కింద, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడనంత చిన్నగా, అసలు మందు పేరు ఉంటుంది. మనం చదవాల్సింది ఆ చిన్న అక్షరాలనే. వొవెరాన్ అంటే డైక్లోఫెనాక్. బ్రూఫెన్ అంటే ఐబుప్రొఫెన్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తో పాటు పారాసిటమాల్ ఉంటుంది. జెరోడాల్-పి అంటే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర. నెలసరి నొప్పికి ఆడపిల్లలు వేసుకునే మెఫ్టాల్-స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ ఉంది. నీళ్లలో వేస్తే బుస్సున పొంగే డిస్ప్రిన్, గుండె జబ్బువాళ్లకు రాసే ఎకోస్ప్రిన్ రెండూ ఆస్పిరినే. పారాసిటమాల్ ఒక్కదాన్ని పక్కన పెడితే ఇవన్నీ ఒకే కుటుంబం. నొప్పితో పాటు వాపునూ తగ్గించే మందులు. డాక్టర్లు ఎన్‌సెయిడ్స్ అంటారు.

డోలో-650 వంటి ఉత్త పారాసిటమాల్ మాత్ర ఈ కుటుంబంలోది కాదు. మామూలు మోతాదులో అది నెత్తురు గడ్డకట్టడం జోలికి దాదాపుగా పోదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గందరగోళం తీరినట్టే. పేరు చివర 'పి' అక్షరం చూసి పారాసిటమాలే కదా అనుకుంటే మాత్రం పొరపాటు. పక్కనే రెండో మందు ఉంది.

రాజోలు, మలికిపురం వైపు ఇంకో రకం డబ్బా కనిపిస్తుంది. కువైట్, ఖతార్, మస్కట్‌లలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లు పెట్టెల్లో తెచ్చిన మందుల డబ్బా. అందులో పనడాల్ ఉంటే అది మన పారాసిటమాలే. వోల్టరెన్ ఉంటే డైక్లోఫెనాక్. పొన్‌స్టాన్ ఉంటే మెఫెనమిక్ యాసిడ్. దేశం మారితే రేకు మీద పేరు మారుతుంది, లోపలి మందు మారదు. ఆస్పత్రిలో అడిగితే "అవి ఫారిన్ బిళ్లలండి" అని ఊరుకోకుండా ఆ స్ట్రిప్ తీసి చూపించాలి.

ఊళ్లో ఆర్‌ఎంపీ చేసే సూది మందు సంగతీ ఇంతే. నడుము పట్టేసిందని పోతే చేసేది చాలాసార్లు డైక్లోఫెనాక్ ఇంజెక్షనే. సూదిగా వెళ్లినా, మాత్రగా వెళ్లినా చివరికి చేరేది నెత్తుట్లోకే. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని స్ట్రిప్ మీదే అచ్చువేసి ఉంటుంది. చీటీ అడిగే దుకాణాలు ఎన్నున్నాయో కోనసీమ జనానికే బాగా తెలుసు.

నెత్తురు ఎలా ఆగుతుంది?

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు గండి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరద కళ్లారా చూసినవాళ్లు ఇంకా ప్రతి ఊళ్లో ఉన్నారు. ఏటిగట్టుకు చిన్న కంత పడగానే ముందు చూసినవాడు కేకేస్తాడు. కేక విన్నవాళ్లు ఇసుక బస్తాలతో పరిగెత్తుకొస్తారు. బస్తాలు పడ్డాక బాదులు పాతి, తడికలు కట్టి గట్టిపరుస్తారు. కత్తిగాటు పడిన రక్తనాళం దగ్గర జరిగేదీ ఇదే. గాటు పడగానే నాళం గోడలోని కొల్లాజెన్ బయటపడుతుంది. దారిన పోతున్న ప్లేట్‌లెట్లు దానికి అతుక్కుంటాయి. అతుక్కున్న మరుక్షణం థ్రాంబాక్సేన్ ఎ2 అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అదే కేక. దాంతో చుట్టుపక్కల ప్లేట్‌లెట్లు వచ్చి ఒకదానికొకటి అంటుకుని ముద్దగా తయారవుతాయి. ఆ తర్వాత ఫైబ్రిన్ పోగులు వాటి మీద అల్లుకుని గడ్డను గట్టిపరుస్తాయి.

నొప్పి బిళ్ల ప్లేట్‌లెట్లను చంపదు. లెక్క తగ్గించదు. కేక వేయనివ్వదు, అంతే.

ఎందుకంటే థ్రాంబాక్సేన్ తయారీకి ప్లేట్‌లెట్ వాడుకునే ఎంజైమ్ పేరు కాక్స్-1. మోకాలిలో వాపుకూ, నొప్పికీ కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లు కూడా కాక్స్ ఎంజైముల వల్లే తయారవుతాయి. నోట్లో వేసుకున్న మాత్ర నేరుగా మోకాలికే పోదు కదా, ఒళ్లంతా తిరుగుతుంది. అక్కడ వాపును ఆపినట్టే ఇక్కడ థ్రాంబాక్సేన్‌నూ ఆపుతుంది. ఆస్పిరిన్ వంటి మందులు ఈ దారినే పనిచేస్తాయని 1971లో లండన్‌లో జాన్ వేన్ నిరూపించాడు. 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కుటుంబంలో ఆస్పిరిన్‌ది వేరే దారి. మిగతా మందులు కాక్స్-1ను కాసేపు పట్టుకుని, ఒంట్లోంచి మందు పోగానే వదిలేస్తాయి. ఆస్పిరిన్ ఒకసారి అంటుకుందంటే ఆ ఎంజైమ్ ఇక లేవదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి కొత్త ఎంజైమ్‌ను తయారు చేసుకోలేదు. ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే 7 నుంచి 10 రోజులు, అలాగే ఉండిపోతుంది. మూలుగలోంచి రోజుకు పదో వంతు చొప్పున కొత్తవి పుట్టుకొస్తేనే పాత బలం తిరిగొస్తుంది. ఎకోస్ప్రిన్ ఆపాల్సి వచ్చినప్పుడు డాక్టరు వారం రోజుల గడువు చెప్పేది ఇందుకే. వేసుకున్నది 75 మిల్లీగ్రాముల చిన్న బిళ్లే కదా అనుకోవడానికి లేదు. ప్లేట్‌లెట్ల వరకూ ఆ చిన్న మోతాదు చాలు.

గొంతు నొప్పికి నమిలిన చూయింగ్ గమ్

ఈ సంగతిని మొదట్లోనే పసిగట్టినవాళ్లలో ఒకరు ప్రయోగశాలలో కూర్చున్న శాస్త్రవేత్త కాదు, రోగుల మధ్య తిరిగే మామూలు డాక్టరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం గ్లెండేల్‌లో ప్రాక్టీసు చేసిన లారెన్స్ క్రేవెన్. టాన్సిల్స్ తీసేశాక గొంతు నొప్పికి ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ నమలమని ఆయన రోగులకు చెప్పేవాడు. గమ్‌ను ఎక్కువగా నమిలినవాళ్లకు మానుతున్న గొంతులోంచి నెత్తురు కారడం చూశాడు. 1897లో జర్మనీలో బేయర్ కంపెనీలో తయారై, 1899 నుంచి అమ్ముడవుతున్న మందు అది. అర్ధశతాబ్దం పాటు కోట్ల మంది మింగారు. నెత్తురు మీద దాని ప్రభావం ఆయనకు స్పష్టంగా కళ్లబడింది మాత్రం ఆ టాన్సిల్స్ రోగుల గొంతుల్లోనే.

క్రేవెన్ అక్కడితో ఆగలేదు. నెత్తురు గడ్డకట్టనివ్వని మందు గుండె నాళాల్లో గడ్డలనూ ఆపాలి కదా అని ఆలోచించాడు. నడివయసు మగవాళ్లకు రోజూ ఆస్పిరిన్ ఇవ్వడం మొదలుపెట్టి, 1950లో 400 మంది గురించీ, 1956లో 8,000 మంది గురించీ రాశాడు. ఎవరికీ గుండెపోటు రాలేదన్నాడు. పోల్చి చూడటానికి మందు ఇవ్వని బృందం లేకపోవడంతో వైద్యలోకం పట్టించుకోలేదు. 1957లో ఆయనే గుండెపోటుతో చనిపోయాడు. 1988లో 17,187 మంది గుండెపోటు రోగుల మీద జరిగిన ఐసిస్-2 అధ్యయనంలో ఆస్పిరిన్ మరణాలను 23 శాతం తగ్గిస్తుందని తేలాక ఆయన చూపు ఎంత సూటిదో లోకానికి మరింత స్పష్టమైంది. ఇవాళ అమలాపురంలో గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి రాత్రి భోజనం చేసి ఎకోస్ప్రిన్ మింగుతున్నాడంటే, ఆ దారి ఓ టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కారిన నెత్తురులో మొదలైంది.

రిపోర్టులన్నీ నార్మలే. అయినా...

ఈ కథనం మొత్తంలో పాఠకులు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ భాగమే గుర్తుపెట్టుకోమంటాను. నొప్పి బిళ్ల ప్రభావం మామూలు రక్త పరీక్షల్లో దొరకదు.

ప్లేట్‌లెట్ల లెక్క తీస్తారు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటే నార్మల్. ఆ యంత్రం ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది గానీ పనిచేస్తున్నాయో లేదో చూడదు. రాత్రే డైక్లోఫెనాక్ వేసుకున్న మనిషికి రెండున్నర లక్షలు వస్తాయి, అవి నిజంగానే రెండున్నర లక్షలే. తర్వాత పీటీ-ఐఎన్ఆర్, ఏపీటీటీ. ఈ పరీక్షలకు నెత్తుటి గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పుతారు. కణాలన్నీ అడుగుకు దిగి, పైన పసుప్పచ్చని ప్లాస్మా తేలుతుంది. పరీక్ష చేసేది ఆ ప్లాస్మాకే. ప్లేట్‌లెట్లను ముందే పక్కకు తీసేసి చేసే పరీక్షలో ప్లేట్‌లెట్ల లోపం ఎలా కనబడుతుంది?

మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల బీటీ-సీటీ రాస్తారు. బీటీ అంటే చెవి తమ్మెకో, వేలి కొసకో సూదితో చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి ఫిల్టర్ పేపరుతో అద్దుతూ, మరక పడటం ఎప్పుడు ఆగుతుందా అని గడియారం చూడటం. 1910లో డ్యూక్ అనే అమెరికన్ డాక్టరు చెప్పిన పద్ధతి. సిద్ధాంతం ప్రకారం నొప్పి బిళ్ల వేసుకున్నవాళ్లకు ఈ సమయం కాస్త పెరగాలి. కానీ గాటు లోతు, చర్మం మందం, చలి, టెక్నీషియన్ చెయ్యి, అన్నీ ఫలితాన్ని మార్చేస్తాయి. బీటీ బాగుంది కాబట్టి ఆపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోదని చెప్పలేమని అధ్యయనాలు ఎప్పుడో తేల్చాయి. ప్లేట్‌లెట్ పనితీరును నేరుగా కొలిచే యంత్రాలు పెద్ద నగరాల్లోని పెద్ద ఆస్పత్రుల్లో ఉన్నాయి. ప్రతి హెర్నియా రోగికీ ఆ పరీక్ష చేయించడం కుదిరే పని కాదు, అవసరమూ లేదు. ఎందుకంటే ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది, రూపాయి ఖర్చు లేనిది: రోగిని అడగడం, రోగి చెప్పడం. రిపోర్టులు ఎన్ని తీయించినా ఈ సమాచారం రోగి నోటి నుంచే రావాలి.

ఎన్ని రోజుల ముందు ఆపాలి?

అందరికీ ఒకే జవాబు లేదు. మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఐబుప్రొఫెన్ సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. డైక్లోఫెనాక్ అంతకన్నా త్వరగా, ఎసిక్లోఫెనాక్ నాలుగు గంటల్లో. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఐబుప్రొఫెన్ ఆపిన 24 గంటలకల్లా ప్లేట్‌లెట్లు మళ్లీ మామూలుగా పనిచేస్తాయి. అయినా కిడ్నీ, లివర్ బలహీనంగా ఉన్నవాళ్లనూ, పెద్దవయసువాళ్లనూ దృష్టిలో పెట్టుకుని చాలామంది సర్జన్లు రెండు మూడు రోజుల ముందే ఆపమంటారు. నాప్రోక్సెన్ సగం తగ్గడానికే 12 నుంచి 17 గంటలు పడుతుంది కాబట్టి మూడు నాలుగు రోజుల ముందు ఆపాలి. పిరాక్సికామ్‌కైతే దాదాపు 50 గంటలు. దానికి పది రోజుల దాకా గడువు అడగవచ్చు. కాబట్టి 'నొప్పి బిళ్ల వేసుకుంటాను' అని చెబితే సరిపోదు. ఏ నొప్పి బిళ్ల అన్నది డాక్టరుకు తెలియాలి.

సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ అని మరో తరం మందులున్నాయి. ఇవి ప్రధానంగా కాక్స్-2నే పట్టుకుంటాయి. ప్లేట్‌లెట్‌లో ఉన్నది కాక్స్-1 గనుక దాని జోలికి పోవు. మోకీలు మార్పిడికి ముందూ వెనకా కొందరు డాక్టర్లు వీటినే ఎంచుకోవడానికి ఇదో కారణం. అలాగని ఇష్టం వచ్చినట్టు మింగేవి కావు. ఈ తరంలోదే అయిన రోఫెకాక్సిబ్ గుండెపోట్లను పెంచుతోందని 2004లో ప్రపంచమంతటా మార్కెట్లోంచి తీసేశారు.

ఇక్కడ ఆడపిల్లల తల్లులకు ఒక సందేహం రావచ్చు. మెఫెనమిక్ యాసిడ్ నెత్తురు ఆగనివ్వదంటున్నారు, మరి నెలసరి బిళ్లకు రక్తస్రావం ఎక్కువవ్వాలి కదా? నిజానికి తగ్గుతుంది. గర్భాశయంలో ఎక్కువ రక్తస్రావానికి అక్కడి ప్రోస్టాగ్లాండిన్లే కారణం. మందు వాటిని తగ్గిస్తుంది. అదే అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ అనుకున్నప్పుడు మాత్రం ఆ బిళ్ల సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

అన్ని ఆపరేషన్లూ ఒకటి కావు

ఇక్కడిదాకా చదివి హడలిపోవాల్సిన పనిలేదు. ఒక డైక్లోఫెనాక్ మాత్రతో సాధారణంగా ప్రాణం మీదకు రాదు. ఆపరేషన్ అయ్యాక నొప్పికి డాక్టర్లే ఈ మందులిస్తారు, సిజేరియన్ తర్వాత కూడా. అయితే అప్పుడు కుట్లు ఎలా ఉన్నాయో, నెత్తురు ఆగిందో లేదో చూసి, మోతాదు తెలిసి ఇస్తారు. కిటొరోలాక్ వంటి బలమైన మందును పెద్ద ఆపరేషన్‌కు ముందు ఇవ్వకూడదని అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక ఉంది. మందు చెడ్డదని కాదు, వేళ చూసుకోవాలని.

కంటి శుక్లం ఆపరేషన్‌లో కోసేది నెత్తురు దాదాపు లేని చోట. దానికి సాధారణంగా ఎకోస్ప్రిన్ కూడా ఆపరు. పన్ను పీకినా, దూది గట్టిగా అదిమిపెడితే, కుట్టు వేస్తే నెత్తురు ఆగుతుంది. అదే మెదడు, వెన్నుపాము, కంటి వెనకభాగం వంటి చోట్లయితే చెంచాడు నెత్తురు నిలిచినా నష్టం జరిగిపోతుంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత మెడలో నెత్తురు పేరుకుంటే శ్వాసనాళం నొక్కుకుపోతుంది. ప్రొస్టేట్ ఆపరేషన్‌లో లోపలి పుండును బయటి నుంచి అదిమిపట్టే వీలే లేదు.

మన డెల్టాకు బాగా తెలిసిన ఆపరేషన్ ఇంకొకటుంది. వరిబీజం. దోమలతో పాటు బోదకాలు తరతరాలుగా గోదావరి జిల్లాలను పీడించింది. ఆ జబ్బు మిగిల్చిన వరిబీజాలకు నేటికీ ఇక్కడ ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి. చిన్న ఆపరేషనే. కానీ వృషణాల సంచి వదులుగా సాగే చర్మం. లోపల చిన్న నాళం ఒకటి కారుతూ ఉన్నా ఒత్తిడి పెరిగి ఆగిపోయే దారి లేదు, సంచి సాగుతూ పోతుంది. మర్నాటికి నల్లగా కమిలి, ఉబ్బి, లోపల నెత్తురు గడ్డకట్టి, మళ్లీ తెరవాల్సి వస్తుంది. మూడు రోజుల్లో ఇంటికి పోవాల్సిన మనిషి రెండు వారాలు మంచం మీద ఉంటాడు. కూలి చేసుకునే ఇంటికి అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు. మొలకు గోచి బిగించి చెట్లెక్కే మనిషి వరిబీజానికీ, నడుము నొప్పికీ నడుమ రోజూ ఓ బిళ్ల మింగుతున్నాడంటే ఆశ్చర్యమేముంది? ఆ మాట సర్జన్‌కు చెప్పాలి, అంతే.

ఎకోస్ప్రిన్‌ను సొంతంగా ఆపకండి

మొదటి ప్రమాదం కంటే ఇది పెద్దది కాబట్టి వేరుగా రాస్తున్నాను. నొప్పి బిళ్లలు నెత్తురు ఆగనివ్వవని తెలియగానే కొందరు చేసే మొదటి పని, డాక్టరుకు చెప్పకుండా అన్ని బిళ్లలూ ఆపేయడం. "రక్తం పలచబడే మాత్ర ఆపరేషన్‌కు మంచిది కాదంట" అని పక్కింటివాళ్లు చెబితే స్టెంట్ ఉన్న మనిషి వారం ముందే ఎకోస్ప్రిన్, క్లొపిడోగ్రెల్ రెండూ మానేస్తాడు. స్టెంట్ కొత్తదైతే అందులో గడ్డ పడి గుండెపోటు రావచ్చు. ఇలా వచ్చే గుండెపోటుకు ప్రాణం పోయే అవకాశం చాలా ఎక్కువ.

2014లో వెలువడిన పాయిజ్-2 అధ్యయనం ఈ విషయంలో దారి చూపింది. గుండెకు సంబంధం లేని ఆపరేషన్లు చేయించుకున్న 10,010 మందిలో కొందరికి ఆస్పిరిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆస్పిరిన్ వల్ల గుండెపోట్లూ మరణాలూ తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం 3.8 శాతం నుంచి 4.6 శాతానికి పెరిగాయి. దీన్ని బట్టి చాలామందికి ఆపరేషన్ వేళ ఆస్పిరిన్ ఆపడమే మేలని డాక్టర్లు అంటారు. కానీ కొత్తగా స్టెంట్ వేయించుకున్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోనేలేదు. వాళ్ల లెక్క వేరు. గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించాలి. వీలుంటే ఆపరేషన్‌నే కొన్ని నెలలు వాయిదా వేస్తారు, వీలుకాకపోతే ఆస్పిరిన్ కొనసాగిస్తూనే చేస్తారు. నడిరోడ్డు మీద నలుగురు కలిసి తేల్చే విషయం కాదిది.

ఎకోస్ప్రిన్ వాడేవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. ఐబుప్రొఫెన్ ముందు వేసుకుంటే అది కాక్స్-1లో ఆస్పిరిన్ కూర్చోవాల్సిన చోటును ఆక్రమిస్తుంది. ఆస్పిరిన్‌కు అంటుకునే అవకాశం దొరక్క ఒంట్లోంచి వెళ్లిపోతుంది. గుండెకు రక్షణ ఉందనుకుంటూనే లేకుండా పోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఒళ్లు నొప్పులకు ఏం వేసుకోవాలో తమ డాక్టరునే అడగాలి.

జ్వరాల కాలంలో మరింత జాగ్రత్త

వానలు పడి దోమలు లేచాక కోనసీమలో డెంగీ భయం మొదలవుతుంది. డెంగీలో ఒళ్లు నొప్పులు ఎముకలు విరిచినట్టుంటాయి, సహజంగానే చెయ్యి నొప్పి బిళ్ల మీదకు పోతుంది. డెంగీ వల్ల ప్లేట్‌లెట్ల లెక్క ఎలాగూ పడిపోతుంది. మిగిలిన కొన్నింటి పనితీరును మాత్ర దెబ్బతీస్తే రక్తస్రావానికి తలుపు తెరిచినట్టే. అందుకే డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఏ జ్వరమో తెలియక ముందే డైక్లోఫెనాక్ సూది పొడిచే అలవాటు ఊళ్లలో ఆగాలి.

కీళ్ల నొప్పులకని తీర్థాల్లో, సంతల్లో అమ్మే పేరులేని పొడుల పొట్లాలను కూడా మందుల లెక్కలో వేసుకోండి. దేశంలో ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. పొట్లం కట్టి ఇచ్చినదానిలో ఏముందో అమ్మినవాడు చెప్పడు, ఆపరేషన్ బల్ల దగ్గర ఊహించడం ఎవరి వల్లా కాదు.

నిజం చెప్పాలంటే ఈ భారమంతా రోగి మీదే వేయడం న్యాయం కాదు. 'మందులేమైనా వాడుతున్నారా' అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా, 'నొప్పులకు ఏం వేసుకుంటారు? సూది చేయించుకున్నారా? ఎప్పుడు?' అని ఆస్పత్రి కాగితం మీద తెలుగులో మూడు ప్రశ్నలు అచ్చువేయడానికి పెద్ద ఖర్చేం కాదు. సూది చేసే ఆర్‌ఎంపీ ఒక చిన్న చీటీ మీద మందు పేరు, తేదీ రాసి ఇవ్వొచ్చు. మందుల షాపులో నాలుగు బిళ్లలు కత్తిరించి కవర్లో వేసి ఇచ్చేటప్పుడు పేరున్న ముక్కను వదిలేయకుండా కత్తిరించాలి. పేరు తెగిపోయిన బిళ్లను చూసి ఎంత పెద్ద డాక్టరైనా ఏమీ చెప్పలేరు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఖాయమైందా? అయితే ఇవాళే ఆ డబ్బా దించండి. స్ట్రిప్పులు, సగం వాడిన ముక్కలు, పొట్లాలు, గల్ఫ్ నుంచి వచ్చినవి, అన్నీ ఒక సంచిలో వేసి పీఏసీకి పట్టుకెళ్లండి. ఏ బిళ్లనూ సొంతంగా ఆపకండి, కొత్తది సొంతంగా మొదలుపెట్టకండి. ఆపరేషన్ ముందు రోజు నొప్పి తట్టుకోలేక ఏదైనా వేసుకున్నారా, తిడతారేమోనని దాచకండి. మహా అయితే ఆపరేషన్ కొన్ని రోజులు వాయిదా పడుతుంది. వాళ్లు అడగకపోయినా మీరే ముందుగా చెప్పండి: ఏ బిళ్ల, ఎంత మోతాదు, ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో.